ఆరోగ్య దీపిక: ప్రాణధార తెగకుండా

గత సంచికలో మధుమేహ రోగులు తమ పాదాలను కాపాడుకోవలసిన తీరును గురించి చెప్పుకున్నాం. ఈసారి మనలో ప్రతి ఒక్కరం ఎప్పుడో ఒకప్పుడు చూసినదే అయినా ఎన్నడూ పరిశీలించని ఒక చిన్న విషయాన్ని ఎంచుకున్నాను. బంధువునో మిత్రునో పలకరించడానికి ఆసుపత్రి వార్డులో అడుగు పెట్టగానే ముందుగా కంటబడేది స్టాండుకు వేలాడే సెలైన్ సీసా. అక్కడి నుంచి దిగివచ్చే సన్నని గొట్టం రోగి చేతి మీద తెల్లని పట్టీ కింద అదృశ్యమవుతుంది. మన చూపంతా సీసాలో ఇంకెంత మిగిలిందన్న దాని మీదే ఉంటుంది. కాని చికిత్స ఆధారపడి ఉన్నది ఆ పట్టీ కింద, చర్మం లోపల ఉన్న రెండు మూడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ నాళిక మీద. అది జారిపోయిననాడు సీసా నిండుగా ఉన్నా రోగికి అందేది శూన్యం.

ఒక రాత్రి జరిగిన సంగతి

చాలా సంవత్సరాల క్రితం నేను రాత్రి విధులలో ఉండగా జరిగిన సంఘటన ఇది. పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన న్యుమోనియాతో వార్డులో చేరారు. వయోభారం వల్ల చేతి నరాలు సన్నబడి, తాకితే పక్కకు జారిపోయే స్థితిలో ఉన్నాయి. మొదటి రోజున నాలుగు చోట్ల గుచ్చితే గాని ఒక నరం దొరకలేదు. మూడవ రాత్రి సుమారు రెండు గంటల వేళ ఆయనకు మూత్రవిసర్జనకు వెళ్లవలసి వచ్చింది. కింద చాప మీద పడుకున్న కుమారుడు లేచి, నిద్రమత్తులోనే తండ్రిని మెల్లగా మంచం దింపాడు. సెలైన్ స్టాండు మంచానికి ఎడమ పక్కన ఉంది. ఆయనను దింపినది కుడి పక్కన. రెండడుగులు వేసేసరికి గొట్టం బిగుసుకుని, ప్లాస్టరుతో సహా అంతా ఊడి వచ్చింది. పక్కబట్టల నుంచి నేల దాకా రక్తపు చారలు పడ్డాయి. ఎక్కుతున్న యాంటీబయాటిక్ మందు సగం నేలపాలైంది.

సిస్టరు పరుగున వచ్చి చేతిని ఒత్తిపట్టింది. మరో నరం వెతకడానికి ముప్పావు గంట పట్టింది. ఆ పెద్దాయన సూది నొప్పికి కలత చెందలేదు గాని కుమారుని ముఖం చూసి కంటతడి పెట్టుకున్నారు. “వాడి తప్పేమీ లేదు డాక్టరుగారూ, నేనే తొందరపడ్డాను” అన్నారు. “కాదండీ, నాన్నగారిని నేనే అటువైపు దింపాను” అని కుమారుడు తల దించుకున్నాడు. నిజానికి తప్పు ఆ ఇద్దరిలో ఎవరిదీ కాదు. రోగిని దింపే ముందు స్టాండు ఏ పక్కన ఉందో చూసుకోవాలని వారికి ముందుగా చెప్పవలసినవాళ్లం మేము. మేము చెప్పలేదు. ఆ బాకీని తీర్చుకునే ప్రయత్నమే ఈ వ్యాసం.

లోపల ఉన్నది సూది కాదు

నరంలోకి ద్రవాన్ని ఎక్కించే పద్ధతి కలరా మహమ్మారి కాలంలో రూపు దిద్దుకుంది. 1831లో విలియం బ్రూక్ ఓషానెసీ అనే యువ వైద్యుడు కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, దానిలో నీరు, లవణాలు తరిగిపోతున్నాయని చాటాడు. 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాటా ఆ సూచనను ఆచరణలో పెట్టి, రోగుల నరాలలోకి ఉప్పునీటి ద్రావణాన్ని ఎక్కించాడు. ఓషానెసీ తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా చేరి, అక్కడి వైద్య కళాశాలలో బోధించి, 1850ల నాటికి మన దేశపు తొలి టెలిగ్రాఫ్ మార్గాల నిర్మాతగా పేరు పొందాడు. ప్రాణాన్ని నిలిపే ధారకు, వార్తను మోసే తీగకు ఒకే మనిషి ఆద్యులలో ఒకడు కావడం ఒక విశేషం.

ఆ తరువాత చాలాకాలం పాటు లోహపు సూదినే నరంలో ఉంచేవారు. చెయ్యి కదిలితే సూదిమొన నరాన్ని చీల్చేది. 1950లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన డేవిడ్ మాసా సూదికి పైతొడుగుగా ప్లాస్టిక్ నాళికను అమర్చే పద్ధతిని తీసుకువచ్చాడు. నరంలో ప్రవేశించిన తరువాత సూదిని వెనక్కు లాగివేస్తారు. మెత్తని నాళిక మాత్రమే లోపల మిగులుతుంది. దీనినే మనం క్యాన్యులా అంటున్నాం. “లోపల సూది ఉంది, చెయ్యి వంచితే గుచ్చుకుంటుంది” అని భయపడి రోజంతా చేతిని కొయ్యలా బిగబట్టుకునే రోగులు ఈ సంగతి తెలుసుకోవాలి.

క్యాన్యులా రంగు దాని లావును తెలుపుతుంది. ఆకుపచ్చనిది 18 గేజి, గులాబీ రంగుది 20, నీలం 22, పసుపు 24. అంకె పెరిగే కొద్దీ నాళిక సన్నబడుతుంది. పసిపిల్లల లేత నరాలకు సాధారణంగా పసుపు రంగుది వాడతారు. పొడవు రకాన్ని బట్టి సుమారు 2 నుంచి 4.5 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అంటే ఒక అంగుళం వెనక్కు జరిగినా చాలా వాటిలో కొస నరం బయటికి వచ్చేస్తుందన్నమాట.

ఊడితే నష్టమేమిటి?

పూర్తిగా ఊడిపోయిన క్యాన్యులా కనీసం కంటికి కనిపిస్తుంది. సగం ఊడినది మరింత మోసకారి. నాళిక కొస నరం దాటి కండలోకి వచ్చినా సీసాలో చుక్కలు పడుతూనే ఉంటాయి. మందు మాత్రం రక్తంలో కలవక చర్మం కింద చేరి చేయి ఉబ్బుతుంది. అది మామూలు సెలైన్ అయితే వాపుతో సరిపోవచ్చు. కొన్ని కాన్సర్ మందులు, కాల్షియం ద్రావణం, రక్తపోటును నిలబెట్టే నారడ్రినలిన్ వంటివి అయితే అక్కడి కండ చచ్చుబడి మానని పుండు ఏర్పడే ప్రమాదం ఉంది. నారడ్రినలిన్ ప్రభావం శరీరంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఆ ధార తెగితే ప్రమాద స్థితిలో ఉన్న రోగి రక్తపోటు నిమిషాలలోనే పడిపోగలదు.

మెడ దగ్గరో, మూపు కిందనో పెట్టే పెద్ద గొట్టం ఊడితే రక్తం పోవడమే కాక బయటి గాలి లోపలికి ప్రవేశించే అపాయం కూడా ఉంది.

ఇక క్యాన్యులా ఊడకపోయినా, పట్టు వదులైతే రోగి కదిలినప్పుడల్లా అది లోపలికీ బయటికీ జరుగుతూ పంపులోని ముషలకంలా పనిచేస్తుంది. నరం లోపొర ఒరుసుకుపోతుంది, చర్మం మీది సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. గుచ్చినచోట నొప్పి, ఎరుపు, తాడులా గట్టిపడిన నరం దీనికి సూచనలు.

2018లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశీలనలో 51 దేశాలకు చెందిన 40 వేలకు పైగా క్యాన్యులాలను పరీక్షించారు. వాటిలో 21 శాతానికి పైకట్టు మురికిగానో, వదులుగానో, అంచులు లేచిపోయో ఉంది. 14 శాతానికి అసలు ఎక్కించవలసిన ద్రవం గాని మందు గాని లేవు. అంటే అవసరం లేకపోయినా అలాగే ఉంచేశారు.

పట్టు నిలిపే సాధనాలు

క్యాన్యులాను కదలకుండా నిలపడానికి వాడే సాధనాలు ప్రధానంగా మూడు తరగతులు.

మొదటిది పైకట్టు. పాతకాలపు దూది, గాజుగుడ్డ, ప్లాస్టరు పట్టు ఇస్తాయి గాని లోపల ఏమి జరుగుతున్నదో కనబడనీయవు. పాలియురెథేన్‌తో చేసిన పారదర్శకమైన పొర దీనికి మేలైన ప్రత్యామ్నాయం. దాని గుండా గుచ్చినచోటు నిత్యం కనిపిస్తుంది. చర్మపు తేమ ఆవిరై బయటికి పోతుంది, బయటి నీరు లోపలికి రాదు. అంచుల చుట్టూ మెత్తని పట్టీ గలవి మరింత గట్టిగా అంటుకుంటాయి.

రెండవది బంధన సాధనం. చర్మానికి అతికే మెత్తని దిండు, దాని మీద క్యాన్యులా రెక్కలనో గొట్టాన్నో బిగించే చిన్న పట్టు ఇందులో ఉంటాయి. పూర్వం పెద్ద గొట్టాలను చర్మానికి దారంతో కుట్టేవారు. కుట్టిన ప్రతి రంధ్రం సూక్ష్మజీవులకు ఒక ద్వారం, కుట్టే సూది వైద్యునికీ నర్సుకూ ఒక ప్రమాదం. అందువల్లనే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2011 మార్గదర్శకాలలో కుట్టు అవసరం లేని బంధనాలను వాడమని సూచించింది. చర్మం కింద సన్నని లంగరులా నిలిచే మరొక సాధనాన్ని చేతి నరం గుండా గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్లే పొడవాటి గొట్టాల కోసం బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2017లో సమర్థించింది. సయనోఅక్రిలేట్ అనే వైద్య జిగురుతో గుచ్చినచోటును అంటించే పద్ధతీ ఉంది. మన ఇళ్లలో వాడే ఫెవిక్విక్ ఆ కుటుంబానికి చెందినదే. అయితే వైద్యానికి వాడేది ప్రత్యేకంగా శుద్ధి చేసిన రకం. ఇంటి జిగురును ఎట్టి పరిస్థితిలోనూ శరీరానికి వాడరాదు.

ఈ ఖరీదైన వస్తువులతో సమస్య తీరిపోతుందా? 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనం దీనికి సమాధానం చెబుతుంది. సుమారు 1,700 మంది రోగులను నాలుగు బృందాలుగా విభజించి, నాలుగు రకాల పట్లను పోల్చి చూశారు. సాదా పారదర్శక కట్టు వాడిన బృందంలో 43 శాతం క్యాన్యులాలు పని పూర్తికాకముందే విఫలమయ్యాయి. బంధన సాధనంతో అది 41, అంచు పట్టీ గల కట్టుతో 40, జిగురుతో 38 శాతం. ఈ తేడాలు గణాంక శాస్త్రం దృష్టిలో లెక్కించదగినంతవి కావు. సాధనం పనికిరాదని దీని అర్థం కాదు. ఏ ఒక్క సాధనమూ తనంతట తానుగా కాపలా కాయలేదని మాత్రం అర్థం.

తెగవలసిన చోట తెగడం

మూడవ తరగతి సాధనం మన ఇంజనీరింగు విభాగాల సోదరులకు ఇట్టే బోధపడుతుంది. చమురు డిపోలో ట్యాంకరుకు గొట్టం తగిలించి ఉండగానే డ్రైవరు పొరపాటున బండిని కదిలించాడనుకోండి. గొట్టం చిరగకుండా, చమురు పారకుండా మధ్యలో ఒక ప్రత్యేకమైన కలుపు ఉంటుంది. నిర్ణీత పరిమితిని మించి లాగితే అది రెండుగా విడిపోతుంది, రెండు కొసలలోని కవాటాలు తక్షణం మూసుకుంటాయి. విద్యుత్తులో ఫ్యూజు, యంత్రంలో షియర్ పిన్ చేసే పని కూడా ఇదే. విలువైన దానిని కాపాడడానికి తేలికైన దానిని ముందుగా తెగనివ్వడమే ఇందులోని సూత్రం.

ఇటీవలి సంవత్సరాలలో అమెరికాలో ఇదే సూత్రంతో సెలైన్ గొట్టానికి విడిపోయే కలుపును రూపొందించారు. దీనిని గొట్టానికి, క్యాన్యులాకు మధ్య అమరుస్తారు. ఎవరైనా గట్టిగా లాగితే ఆ బలం క్యాన్యులాను పెకలించే లోపే కలుపు విడిపోతుంది. రోగి వైపు కవాటం మూసుకోవడం వల్ల రక్తం కారదు, సీసా వైపు కవాటం మూసుకోవడం వల్ల మందు నేలపాలు కాదు. పంపు ద్వారా మందు వెళుతుంటే ధార ఆగిందని దాని అలారం మోగుతుంది. నర్సు కొత్త కలుపును అమర్చి ధారను పునరుద్ధరిస్తుంది. రోగికి మరో సూదిపోటు తప్పుతుంది. విడిపోయిన భాగాలను తిరిగి కలపరాదు, ఎందుకంటే అవి శుభ్రత కోల్పోయాయి. ప్రాణాధారమైన మందు ఎక్కుతున్నప్పుడు ఆ కాసేపటి విరామం కూడా ప్రమాదమే కనుక అలారం విన్న వెంటనే సిబ్బంది రావడం ముఖ్యం.

ఈ కలుపు మన దేశంలో ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటుందని ఆశించరాదు. కాని దాని సూత్రాన్ని పైసా ఖర్చు లేకుండా పాటించే ఉపాయం ప్రతి వార్డులోనూ ఉంది. గొట్టాన్ని క్యాన్యులా దగ్గర తిన్నగా వదలకుండా ఒక చుట్టు తిప్పి, ఆ చుట్టును విడిగా మరో పట్టీతో ముంజేతికి అంటిస్తారు. ఎవరైనా లాగితే ముందు ఆ చుట్టు సాగుతుంది, ఆ పట్టీ లేస్తుంది. బలం నరం దాకా చేరేలోపు మనకు వ్యవధి దొరుకుతుంది. నర్సు ఆ చుట్టు వేసినప్పుడు “అడ్డంగా ఉంది” అని విప్పివేసే బంధువులను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

డయాలిసిస్ రోగులకు ప్రత్యేక హెచ్చరిక

2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం వంటి పథకాల వల్ల ఈ చికిత్స నేడు జిల్లా ఆసుపత్రుల దాకా చేరింది. మూత్రపిండాల జబ్బు అనేక కుటుంబాలను పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీని పేరు ఎరుగని ఇల్లు ఉండదు. డయాలిసిస్‌లో ఒక సూది రక్తాన్ని యంత్రంలోకి పంపుతుంది, రెండవది శుద్ధి అయిన రక్తాన్ని తిరిగి శరీరంలోకి చేరుస్తుంది. ఈ రెండవ సూది ఊడిపోయి ఎవరూ గమనించకపోతే యంత్రం రక్తాన్ని బయటికి తోడుతూనే ఉంటుంది. నిమిషానికి 300 మిల్లీలీటర్ల ప్రవాహం అనుకుంటే 7 నిమిషాలలో 2 లీటర్లకు పైగా పోతుంది. వయోజనుని శరీరంలో ఉండే రక్తమంతా సుమారు 5 లీటర్లే.

యంత్రంలో పీడనం తగ్గితే మోగే అలారం ఉన్నా, సూది ఊడినప్పుడు అది ప్రతిసారీ మోగుతుందన్న భరోసా లేదు. రక్తపు తడి తగలగానే హెచ్చరించే చిన్న సంవేదకాలు వచ్చాయి. అవి లేనిచోట మనిషి కన్నే సంవేదకం. కనుక చలిగా ఉన్నా సూదులున్న చేతిని దుప్పటితో కప్పకూడదు. ఆ చెయ్యి నిరంతరం అందరికీ కనబడుతూ ఉండాలి.

తోడుండేవారు పాటించవలసినవి

1. రోగిని మంచం దింపే ముందు స్టాండు ఏ పక్కన ఉందో చూసి ఆ పక్కకే దింపండి. ముందు గొట్టం, ఆ తరువాత మనిషి. రోగి ఒంటరిగా లేవకుండా నీళ్లు, కళ్లద్దాలు, పిలుపు గంట ఆయన చేతికి అందేటట్లు ఉంచండి.

2. చొక్కా మార్చేటప్పుడు, పక్కబట్టలు సర్దేటప్పుడు గొట్టం మంచం కడ్డీలో చిక్కుకోలేదని సరిచూసుకోండి. విప్పేటప్పుడు క్యాన్యులా లేని చేతిని ముందు తీయాలి, తొడిగేటప్పుడు క్యాన్యులా ఉన్న చేతిని ముందు దూర్చాలి.

3. కట్టు తడిసినా, అంచులు లేచినా, చేయి ఉబ్బినా, మంట పుట్టినా వెంటనే సిస్టరుకు చెప్పండి. పైన మరో ప్లాస్టరు మీరే అంటించకండి.

4. పసిపిల్లలకు చేతికి అట్ట కట్టినప్పుడు వేలి కొసలు బయటికి కనబడాలి. అవి నీలంగా, చల్లగా మారితే కట్టు బిగువైందన్నమాట. జ్వర తీవ్రతలో మతి తప్పిన వృద్ధులు గొట్టాన్ని లాగివేస్తుంటారు. వారిని కసరవద్దు, చేతిలో చెయ్యి వేసి కూర్చోండి.

5. క్యాన్యులా ఊడితే శుభ్రమైన గుడ్డతోనో దూదితోనో గట్టిగా ఒత్తిపట్టి, చేతిని పైకెత్తి, సిబ్బందిని పిలవండి. సగం ఊడినదానిని లోపలికి నెట్టకండి. మెడ దగ్గరి గొట్టం ఊడితే రోగిని వెల్లకిలా పడుకోబెట్టి గట్టిగా ఒత్తి ఉంచి కేకవేయండి.

6. “ఇది ఇంకా అవసరమా?” అని రోజుకొకసారి డాక్టరును అడగడానికి సంకోచించకండి. అవసరం తీరిన క్యాన్యులాను తీసివేయడమే అన్నిటికన్నా మంచి రక్షణ.

ఈ చివరి మాటకు అనుబంధంగా ఒక సంగతి. నీరసం అనిపించగానే “ఒక సెలైన్ పెట్టించుకుంటే బలం వస్తుంది” అనే నమ్మకం మనలో బలంగా ఉంది. అయిదు శాతం గ్లూకోజు ఉన్న అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు మాత్రమే. నోటితో తాగగలిగిన మనిషికి ఇంటిలోని గంజి, మజ్జిగ అంతకు మించిన మేలు చేస్తాయి. పెట్టని గొట్టం ఊడదు కదా!

ఆ పెద్దాయన పది రోజులకు కోలుకుని ఇంటికి వెళ్లారు. మిగిలిన రాత్రులలో ఆయన కుమారుడు తండ్రిని లేపే ముందు గొట్టాన్ని స్టాండు నుంచి చేతిదాకా వేలితో ఒకసారి తడిమి చూసుకునేవాడు. అతనిని చూసి పక్క మంచాల వాళ్లు కూడా అదే చేయసాగారు. ఆ వార్డులో ఆ వారం అంతా ఒక్క క్యాన్యులా కూడా ఊడలేదు. సాధనాలు రావాలి, మన ఆసుపత్రులకు అవి అందాలి. అవి వచ్చిన తరువాత కూడా ఆ వేలి స్పర్శ అవసరం తీరిపోదు.

వచ్చే సంచికలో వేసవి వడదెబ్బను గురించి చెప్పుకుందాం. అందాకా సర్వే జనాః సుఖినో భవంతు.